ఉస్తాద్ వీపు

పట్టాభిరామయ్యగారు జీవితంలో ఒక్కసారే పరుగెత్తారు. అది కూడా లింగంపల్లిలో ఆఖరి బస్సు కదిలిపోతుంటే. ఆ బస్సు ఆయనకు అందలేదు. అటువంటి మనిషిని గోపన్‌పల్లి యువకులకు పరుగు నేర్పించడానికి ప్రత్యేకాధికారిగా వేసిన ప్రభుత్వాన్ని నేనేమీ అనను. నేను ఆ ప్రభుత్వంలోనే టైపిస్టును.

ఇది 1977 నాటి సంగతి. మా ఆఫీసు పేరు దేహదారుఢ్య ప్రోత్సాహక విభాగం. అందులో పనిచేసే తొమ్మిదిమందికీ ఏదో ఒక నొప్పి ఉండేది. నడుం నొప్పి లేని వస్తువు నా టైపు మిషను ఒక్కటే. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. తెనాలి నుంచి వచ్చి రెండేళ్లయింది. ఏది టైపు చేయమంటే అది టైపు చేసేదాన్ని. ఏం టైపు చేస్తున్నానో చదివే అలవాటు ఇంకా పోలేదు. దానివల్లే ఈ కథ చెప్పగలుగుతున్నాను.

హైదరాబాదుకు పడమట అప్పటికి ఉన్నవి రాళ్లు, జొన్నచేలు, మధ్యమధ్య ఊళ్లు. అక్కడ కొత్త విద్యాలయాలు, వాటికి పెద్ద పెద్ద ఆటస్థలాలు వస్తున్నాయి. ఆటస్థలాలకు శిక్షకులు కావాలి కదా. పట్నం నుంచి పంపిన శిక్షకులు అక్కడ కాఫీ హోటలు లేదని నెల తిరగకుండానే బదిలీ చేయించుకుని వెళ్లిపోతున్నారు. అందుకని ఆ చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లనే శిక్షకులుగా తయారు చేద్దామని ఎవరో మంచి ఆలోచన చేశారు. నిజంగా మంచి ఆలోచనే. ఫైలుగా మారి మా ఆఫీసు గుమ్మం తొక్కేవరకూ మంచిగానే ఉంది.

గోపన్‌పల్లి బడి ఆవరణలో తొంభై రోజుల శిబిరం పెట్టాం. పన్నెండుమంది అభ్యర్థులు. చివర కుస్తీ పరీక్ష. అందులో మొదటివాడికి పర్మనెంటు ఉద్యోగం, మిగతావాళ్లకు సర్టిఫికెట్టూ, పట్టాభిరామయ్యగారి కరచాలనమూ.

పన్నెండుమందిలో పదకొండుమంది ఆ ఊరివాళ్లే. పన్నెండోవాడు బుల్లిబాబు. అమలాపురం కుర్రాడు, పట్టాభిరామయ్యగారి భార్యకు తమ్ముడు. పథకం స్థానికుల కోసమైతే ఇతను ఎలా వచ్చాడని అడక్కండి, ఆ ధ్రువపత్రం టైపు చేసింది నేనే. ఆరేళ్లుగా బావగారింట్లో ఉండి హైదరాబాదులో చదువుకుంటున్నాడు కాబట్టి స్థానికుడు. ఏటా తప్పుతున్నాడు కాబట్టే ఆరేళ్లుగా చదువుకుంటున్నాడు. ఎవరికైనా తప్పడం ఇంతగా కలిసి రావడం నేను చూడలేదు. మంచివాడే పాపం. అన్నం వేళకు ఎక్కడున్నా వచ్చేసేవాడు, ఎవర్నీ నొప్పించేవాడు కాదు.

నర్సింహ దగ్గర మాత్రం తాను ఆ ఊరివాడినని చెప్పడానికి మూడు కాగితాలు అడిగాం. అతని తాతముత్తాతలు ఆ మట్టిలోనే పుట్టి ఆ మట్టిలోనే కలిసిపోయారు. వాళ్లెవరూ మా ఆఫీసులో కాగితం ఇచ్చి పోలేదు. నర్సింహకు ఇరవై రెండేళ్లు. తండ్రి లేడు. రోజూ తెల్లవారకముందే రెండు చేతుల్లో పాలక్యాన్లతో లింగంపల్లి స్టేషనుకు పరుగున వెళ్లి, పరుగున వచ్చేవాడు. వాళ్లకు మూడెకరాల చేను ఉండేది. కొత్త విద్యాలయం ఆవరణ కోసం తీసుకున్నారు. ఇంటికో ఉద్యోగం అన్నారు. అన్నవాళ్లు బదిలీ అయిపోయారు. నర్సింహ తల్లి కిష్టమ్మకు దొరికిన పని ఏమిటంటే ఆ ఆవరణ ప్రహరీకి రాళ్లు మోయడం. తన చేను చుట్టూ కట్టే గోడకు తనే రాళ్లు మోసేది. అందుకే ఆ ఇంట్లో అందరి ప్రాణం ఈ ఒక్క ఉద్యోగం మీద ఉంది. అందరూ అంటే ఇద్దరే.

మొదటి నెలంతా పట్టాభిరామయ్యగారు చెట్టు కింద కుర్చీ వేసుకుని నోట్సు చెప్పారు. "పరుగు అనగానేమి? రెండు పాదములూ ఏకకాలమందు నేలను విడుచు నడక." నాలుగు మైళ్లు పరుగెత్తి వచ్చిన నర్సింహ చెమట తుడుచుకుంటూ అది రాసుకున్నాడు. ఊపిరి ఎలా పీల్చాలో మూడు రోజులు చెప్పారు. మూడో రోజు ఆయనకే ఆయాసం వచ్చింది.

కుస్తీ నేర్పడానికి పట్నం నుంచి వచ్చిన శిక్షకుడు ఒక్క రోజు ఉండి, బూట్లలో దుమ్ము పడిందని మరి రాలేదు. అప్పుడు బాలనర్సయ్యను పిలవక తప్పలేదు.

బాలనర్సయ్య ఆ ఊరి తాలీం ఉస్తాద్, అంటే కుస్తీ గురువు. తాలీం అంటే పెద్ద హంగేమీ లేదు. పెంకులు కప్పిన ఒక గది, గదిలో నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తగా తవ్విన ఎర్రమట్టి. ముప్పై ఏళ్లుగా తెల్లారితే ఆయన ఆ మట్టిలోనే ఉండేవాడు. గచ్చిబౌలి, నల్లగండ్ల నుంచి కూడా చేయి బెణికినవాళ్లూ, మెడ పట్టినవాళ్లూ దవాఖానకు పోకుండా ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. యాభై ఐదేళ్ల మనిషి, బడి మొహం చూడలేదు.

చిక్కు అక్కడే వచ్చింది. మా నిబంధనల ప్రకారం శిక్షకుడు ఎనిమిదో తరగతి ప్యాసవ్వాలి. పట్టాభిరామయ్యగారు ఒక పూట ఆలోచించి, ఆయన్ను పరికరాల పట్టీలో వేశారు. ఫుట్‌బాళ్లు నాలుగు, తాళ్లు రెండు, డంబెల్సు ఆరు, కుస్తీ చూపించు మనిషి ఒకటి. నేనే టైపు చేశాను. ఆ కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడానికి వెళ్లి, దాచడం ఇష్టం లేక ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన నవ్వాడు. "రాసుకోని బిడ్డా. డంబెల్‌కు ఏం తక్కువైంది? ఎత్తినోనికి బలమొస్తది," అన్నాడు.

బడి ఆవరణలో ఒక గొయ్యి తవ్వించి ఆయన నేర్పడం మొదలుపెట్టాడు. నోట్సు లేదు. మొదట పడటం నేర్పాడు. దెబ్బ తగలకుండా పడటం వస్తేగాని పడెయ్యడం చెప్పనన్నాడు. ఊరి కుర్రాళ్లకు అది చిన్నప్పుడే వచ్చు. బుల్లిబాబుకు పదిహేను రోజులు పట్టింది. తర్వాత అతను ఎంత అందంగా పడేవాడంటే, మిగతావాళ్లు పని ఆపి చూసేవాళ్లు.

అప్పుడే నేనొకటి గమనించాను. పదకొండుమంది కుర్రాళ్లకూ కుడి మణికట్టు మీద నల్లదారం ఉంది. తాలీంలో ఏడాదిపాటు మట్టి తవ్వి, మట్టి మోసి, నిలబడినవాడికి ఉస్తాద్ తన చేత్తో కడతాడట. ఆ దారం కట్టించుకున్నవాడు ఆ తాలీం బిడ్డ. అతను ఎంత బలవంతుడైనా ఉస్తాద్ వీపు నేలకు ఆనించకూడదు. సాధకంలో పట్టు దొరికి ఉస్తాద్ నిజంగా పడిపోతుంటే, కుర్రాడు తన అరచేతిని ఆయన వీపు కింద పెట్టేసేవాడు. మట్టికీ వీపుకూ మధ్య ఆ చేయి ఉండాల్సిందే. ఎందుకలా అని నర్సింహను అడిగితే, అన్నం ఎందుకు తింటారని అడిగినట్టు చూశాడు.

పరీక్షకు ఢిల్లీ నుంచి అచ్చయిన నియమావళి వచ్చింది. అభ్యర్థి తనకంటె మేటి అయిన ప్రత్యర్థితో తలపడి, పది నిమిషాల్లో అతని రెండు భుజాలూ నేలకు ఆనించాలి. పట్టాభిరామయ్యగారు అది రెండుసార్లు చదివి చిటిక వేశారు.

"పన్నెండుమందీ బాలనర్సయ్యతోనే పట్టాలి. అందరికీ ఒకటే కొలత. న్యాయం అంటే ఇదీ. కొట్టమ్మాయ్, మూడు కాపీలు."

నేను కొట్టలేదు. "వాళ్లు ఆయన్ని పడెయ్యరండి," అన్నాను.

"పడెయ్యలేరా?"

"పడెయ్యరండి. ఆయన వాళ్లకి ఉస్తాద్. అది వాళ్ల పద్ధతండి."

"నేర్పిన పని నేర్పినవాడి దగ్గర చూపించకపోతే శిక్షణ ఎందుకు నాగేశ్వరీ? నువ్వు కొట్టు."

బావమరిదికి ఉద్యోగం ఇప్పించడానికి ఆయన ఈ ఎత్తు వేశాడని తర్వాత ఊళ్లో అనుకున్నారు. నేను ఆయన పక్కన కూర్చుని పనిచేసిన మనిషిని. అంత తెలివి ఆయనకు లేదు. ఆయన తెలివితక్కువతనమే ఎప్పుడూ ఆయనకు ఎత్తులు వేసిపెట్టేది. నేను మూడు కాపీలు కొట్టాను.

పరీక్ష రోజు ఊరంతా బడి గోడ మీద కూర్చుంది. పట్నం నుంచి ఒక ముసలి పరీక్షకుడు టోపీతో, స్టాప్‌వాచీతో వచ్చాడు. ఆయన ఈల వేశాడు. మొదటి కుర్రాడు మొగిలి గోతిలోకి దిగాడు. ఉస్తాద్ కాళ్లకు దండం పెట్టాడు. మట్టి తీసి నుదుటికి రాసుకున్నాడు. తర్వాత తనంతట తానే వెల్లకిలా పడుకుని, రెండు భుజాలూ నేలకు ఆనించి ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయాడు.

పరీక్షకుడు గడియారం చూసుకున్నాడు. నాలుగు సెకన్లు.

రెండోవాడూ అంతే. మూడోవాడూ అంతే. ఐదోవాడు పడుకున్నాక పరీక్షకుడు టోపీ తీసి, "ఈ ఊళ్లో కుస్తీ నిద్రపోయి చేస్తారా?" అని అడిగాడు. పదిమందికి పది సున్నాలు పడ్డాయి. పట్టాభిరామయ్యగారి చొక్కా తడిసిపోయింది. ఎవరూ నెగ్గకపోతే ఉద్యోగం ప్రధాన కార్యాలయం చేతికి పోతుంది, పథకం విఫలమని రాస్తారు, ఆ రాతలో ఆయన పేరు ఉంటుంది.

"వాళ్లకు చెప్పవయ్యా," అని ఉస్తాద్ మీద విసుక్కున్నారు.

"నేను చెప్తె మాత్రం ఎట్ల ఇంటరు సారూ? నేను నేర్పిందే గది."

పదకొండో పేరు బుల్లిబాబుది. అతని చేతికి దారం లేదు. ఒకసారి అడిగితే, ఏడాది మట్టి మోసినాక చూద్దామన్నాడట ఉస్తాద్. దారం లేనివాడు ఆయనతో కుస్తీ పట్టొచ్చు. ఆ సంగతి పట్టాభిరామయ్యగారికి అప్పుడు వెలిగింది. గోతి పక్కన టైపు మిషనుతో వేసిన నా బల్ల దాటి వెళ్లి ఉస్తాద్ చెవిలో, "మావాడి దగ్గర కాస్త చూసుకుని పడు," అన్నారు.

"ముప్పయేండ్ల సంది పడకుంట ఉండుడే నేర్సిన సారూ. పడమంటే పడుడు నాకు రాదు," అన్నాడు ఉస్తాద్. గొంతు తగ్గించలేదు.

బుల్లిబాబు గోతిలోకి దిగి రెండు చేతులూ జోడించాడు. "తొందరగా కానిచ్చెయ్యండి ఉస్తాద్‌గారూ, భోజనం వేళైందండి," అన్నాడు. ఉస్తాద్ అతన్ని నడుం దగ్గర పట్టి, పసిబిడ్డను పక్క మీద పడుకోబెట్టినట్టు మట్టిలో పడుకోబెట్టాడు. బుల్లిబాబు లేచి మరోసారి దండం పెట్టాడు. గోడ మీద జనం ఆ రోజు నవ్వింది అప్పుడే.

ఇక మిగిలింది నర్సింహ.

అతను దిగి ఉస్తాద్ కాళ్ల మీదికి వంగబోయాడు. ఉస్తాద్ భుజాలు పట్టుకుని ఆపాడు. అతని కుడి చేయి అందుకుని, మణికట్టు నోటి దగ్గర పెట్టుకుని, నల్లదారాన్ని పళ్లతో తెంపేశాడు.

"ఇగ నువ్వు నాకేం కావు. ఊర్ల పది మందిల ఒకనివి. రా," అన్నాడు.

ఊరు ఊరంతా లేచి నిలబడింది. నర్సింహ బోడిగా ఉన్న మణికట్టును రెండో చేత్తో మూసుకున్నాడు. "నాకు వద్దు ఉస్తాద్. గీ నౌకరీ వద్దు," అని ఏడ్చాడు. ఇరవై రెండేళ్ల మగవాడు అందరి ముందూ అలా ఏడుస్తుంటే చూడలేక నేను టైపు మిషను వైపు తిరిగాను.

గోడ అవతల కిష్టమ్మ తల మీద ఖాళీ తట్టతో నిలబడి ఉంది. పనిలోంచి వచ్చినట్టుంది, ముఖమంతా రాతిదుమ్ము. "కొడుకా," అంది, అరవలేదు, మామూలుగానే అంది. "చేను అడిగితే ఇచ్చినం. గోడ మొయ్యమంటే మోస్తున్న. నువ్వు గూడ గట్ల పండుకుంటే నేను ఇంకెన్నేండ్లు మొయ్యాలె? ఆయన తెంపిండు గద. ఆయన మాటనే ఇను."

"ఉత్తగ పడ, యాదుంచుకో," అన్నాడు ఉస్తాద్.

నిజంగానే ఊరికే పడలేదు. ఏడు నిమిషాలు పట్టుకున్నారు. అప్పటివరకు తొంభై రోజుల్లో నేను చూసిందంతా ఆట అని అప్పుడు తెలిసింది. ఉస్తాద్ రెండుసార్లు నర్సింహను దాదాపు పడేశాడు. ఎనిమిదో నిమిషంలో నర్సింహకు పట్టు దొరికింది. ఉస్తాద్ అతనికి చిన్నప్పుడు అన్నిటికంటె ముందు నేర్పిన పట్టు అదేనని తర్వాత చెప్పారు. ఉస్తాద్ కాళ్లు లేచాయి. ఆయన వెనక్కి పడ్డాడు.

పడుతుండగా నర్సింహ అరచేయి ఆయన వీపు కిందికి వెళ్లిపోయింది. అలవాటైన చేయి కదా, ఎవర్నీ అడగలేదు.

పరీక్షకుడు మోకాళ్ల మీద వంగి చూశాడు. "భుజం ఆనలేదు," అన్నాడు. "తొమ్మిది నిమిషాలు."

"చెయ్యి తియ్యి," అన్నాడు ఉస్తాద్.

"తియ్య."

"తియ్యి కొడుకా. టైమైతాంది."

నర్సింహ కళ్లు మూసుకుని చేయి తీశాడు.

నాకు ఆ నిమిషంలో పట్టాభిరామయ్యగారి మీద అసహ్యం వేసింది, ఆ అచ్చు పుస్తకం మీద వేసింది, దాన్ని మూడు కాపీలు కొట్టిన నా వేళ్ల మీద కూడా వేసింది. గోడ మీద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టింది పట్టాభిరామయ్యగారొక్కరే. కొడుతూ కొడుతూ తానొక్కడే కొడుతున్నానని తెలిసి, చేతులు దులుపుకున్నట్టు నటించారు. పరీక్షకుడు కాగితం మీద 'ఉత్తమం' అని రాశాడు.

నర్సింహకు ఉద్యోగం వచ్చింది. తెల్లబూట్లు, ఈల, టోపీ, రెండు జతల నిక్కర్లు ఇచ్చారు. మర్నాడే కిష్టమ్మ తట్ట దించేసింది. ఉత్తర్వులో ఒక షరతు ఉంది. నెల లోపల పది నుంచి పదహారేళ్ల పిల్లలు పదిమందికి తక్కువ కాకుండా శిక్షణకు చేరాలి, తనిఖీ రోజు అధికారి ముందు హాజరు పిలవాలి. చేరకపోతే ఆ ఉద్యోగాన్ని ఆఫీసు తన ఇష్టం వచ్చినవాళ్లతో నింపుకుంటుంది.

మొదటి రోజు ఒక్క పిల్లవాడూ రాలేదు. వారం గడిచింది. నర్సింహ పొద్దున్నే ఆటస్థలంలో సున్నంతో గీతలు గీసి, గీతల చివర నిలబడి, ఎండెక్కాక ఇంటికి పోయేవాడు. ఊళ్లో ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. కనబడితే మంచిగానే పలకరించేవాళ్లు. పిల్లల్ని మాత్రం పంపలేదు. కిష్టమ్మ ఇల్లిల్లూ తిరిగింది. నేనూ ఒకరోజు ఆమె వెంట వెళ్లాను. మొగిలి పెద్దమ్మ బుచ్చమ్మ మాకు పీట వేసి, మజ్జిగ ఇచ్చి, మెల్లగా చెప్పింది.

"నీ కొడుకు మంచోడే అక్కా. కాదన. గని ఉస్తాద్ వీపుకు మన్ను అంటిచ్చిన చెయ్యి గది. దారం తెంపితె మాత్రం మనకు తెల్వదా? గా చేతి కింద మా పిల్లగాన్ని ఎట్ల పెట్టాలె?"

నేను మజ్జిగ తాగలేకపోయాను. తొంభై రోజుల్లో మేము అతనికి నేర్పింది ఏమీ లేదు. ఆఖరి పది నిమిషాల్లో మాత్రం, అతను ఆ ఊళ్లో ఎవరికీ ఏమీ నేర్పలేకుండా చేసిపెట్టాం. దానికి సర్టిఫికెట్టు కూడా ఇచ్చాం.

పట్టాభిరామయ్యగారి నివేదిక అప్పటికే వెళ్లిపోయింది. 'పథకము నూటికి నూరుపాళ్లు విజయవంతము. మేటి స్థానిక నిపుణుడు తయారయ్యెను.' దాని మీద ఆయన్ను బెంగుళూరులో ఒక సమావేశంలో మాట్లాడమని పిలిచారు. ఇరవయ్యో రోజు పిల్లలు చేరలేదని తెలిశాక, ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, ఖాళీ అయ్యే ఉద్యోగంలో బుల్లిబాబును వేస్తూ ఒక ఉత్తర్వు సిద్ధం చేసి ఉంచమన్నారు.

ఆ సాయంత్రం బుల్లిబాబు వచ్చి నిలబడ్డాడు. "అక్కా, ఆ కాగితం కాస్త నిదానంగా కొట్టండి. ఆ గీతల దగ్గర ఆ అబ్బాయి ఒక్కడే నిలబడి ఉంటే నేను చూశానండి. నాకు అన్నం సయించలేదు," అన్నాడు. బుల్లిబాబుకు అన్నం సయించలేదంటే మామూలు మాట కాదు. నా వేగం నిమిషానికి నలభై మాటలు. ఆ ఒక్క పేజీ తొమ్మిది రోజులు కొట్టాను.

తనిఖీ రోజు పొద్దున నేను ముందుగానే రిజిస్టరు పట్టుకుని వెళ్లి బల్ల వేసుకున్నాను. నర్సింహ తెల్లబూట్లతో గీత చివర ఉన్నాడు. గడ్డం చేసుకున్నాడు, నిద్ర లేదు. కిష్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ దగ్గర కూర్చుంది. పక్కన తట్ట ఉంది. మళ్లీ తెచ్చుకుంది.

తాలీం వైపు నుంచి ఉస్తాద్ వచ్చాడు. ధోతి పైకి దోపుకుని, ఒంటి మీద చొక్కా లేకుండా. ఆయన వెనక చాలా దూరంలో తాలీం పిల్లలు వస్తున్నారు. వాళ్లు గోడ దగ్గరే ఆగిపోయారు. ఆయన ఆగలేదు. సున్నం గీత దగ్గరికి వచ్చి, పాదాలు కలిపి, గీత మీద నిలబడ్డాడు.

"పేరు రాయి బిడ్డా," అన్నాడు నాతో.

"వయసు రాయాలండి. పదహారు దాటకూడదు."

"నీకు ఎంత కావాల్నో గంత రాయి."

ఒకటో నంబరు, బాలనర్సయ్య, పద్నాలుగేళ్లు అని రాశాను. ఆ ఉద్యోగంలో నేను రాసిన అబద్ధాల్లో సిగ్గుపడనిది అదొక్కటే.

గోడ దగ్గర పిల్లలు అటూ ఇటూ చూసుకున్నారు. ముందు ఒకడు వచ్చి ఉస్తాద్ వెనక నిలబడ్డాడు. తర్వాత ఇద్దరు. తర్వాత అందరూ. ఆ పిల్లలు పదహారుమంది పేర్లూ రాసేసరికి జీపు వచ్చింది. పట్టాభిరామయ్యగారు దిగి, వరసను చూసి, లెక్క పెట్టి, మొదట నిలబడ్డ నెరిసిన తలను చూడనట్టే చూశారు. నివేదికలో పదిహేడు అంకె బాగుంటుంది కదా.

"ఊఁ, హాజరు పిలవవయ్యా," అన్నారు.

నర్సింహ రిజిస్టరు అందుకున్నాడు. మొదటి పేరు చూశాడు. అక్కడే ఆగిపోయాడు.

ఆ ఊళ్లో ఉస్తాద్ శిష్యులెవరూ ఆయన పేరు నోటితో పలకరు. ఆయన్ను ఉస్తాద్ అంటారు. ఆయన లేనిచోట కూడా ఉస్తాద్ అనే అంటారు. ఆ పేరున్న ఇంకో మనిషిని పిలవాల్సి వస్తే చిన్నయ్యా అనో, ఓ అన్నా అనో పిలుస్తారు. నర్సింహ పుట్టి ఇరవై రెండేళ్లయింది, ఆ పేరు అతని నోట ఒక్కసారి కూడా రాలేదు.

"ఏమయ్యా, చదవడం రాదా?" అన్నారు పట్టాభిరామయ్యగారు.

నర్సింహ పెదాలు కదిలాయి. రిజిస్టరు మూసి, మళ్లీ తెరిచాడు. కిష్టమ్మ తట్ట అంచు పట్టుకుంది.

ఉస్తాద్ కదలకుండా, ముందుకే చూస్తూ, "పిలువుండ్రి సార్," అన్నాడు.

నర్సింహను ఆయన ఎప్పుడూ ఒరేయ్ అనేవాడు, కొడుకా అనేవాడు. ఆ మాట వినగానే వరసలో పిల్లలు ఆయనలాగే పాదాలు కలిపారు.

"బాలనర్సయ్య," అన్నాడు నర్సింహ.

"హాజర్ సార్."

"చూశావా అమ్మాయ్," అన్నారు పట్టాభిరామయ్యగారు నా వైపు వంగి. "క్రమశిక్షణ అంటే ఇదీ. మనం తయారుచేసిన మనిషి."

నేను ఒకటో నంబరు ఎదురుగా టిక్కు పెట్టాను. మిగతా పదహారు పేర్లూ పిలవడానికి నర్సింహకు చాలాసేపు పట్టింది.